కొండ ఎవరిదైనా దారి అందరిదీ

ఇంగ్లండుకు వాయవ్య మూలన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ మన పాఠకుల్లో చాలామందికి కాలేజీ ఇంగ్లీషు పాఠాల ద్వారానే పరిచయం. వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్, సౌథీ ఆ సరస్సుల మధ్య కాపురముండి రాశారనీ, వాళ్ల కాల్పనిక ధోరణి ఒక శతాబ్దం గడిచాక మన భావకవుల దాకా వచ్చి చేరిందనీ సాహిత్య చరిత్రలు చెబుతాయి. అందుకే ఆ సీమకు ఏటా కోటికి పైబడి జనం ఎందుకు వెళతారని ఎవరైనా అడిగితే, కవులు పొగిడారు కాబట్టి అని తేలిగ్గా జవాబు చెప్పేస్తాం. కవిత్వం పేరు తెచ్చిన మాట నిజమే. కానీ పేరుపడిన చోటల్లా జనం కాలినడకన కొండలెక్కరు. చాలా చోట్ల బండి దిగి, నాలుగు వైపులా చూసి, మళ్లీ బండెక్కుతారు. డెర్వెంట్‌వాటర్ సరస్సు ఒడ్డున, స్కిడా కొండ పాదాన ఉన్న కెజిక్ అనే చిన్న పట్టణం ఇందుకు భిన్నంగా ఎదిగింది. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బూట్లు బిగించుకుని కొండ మీదికి నడవడానికే వస్తారు. ఆ ఊరికి ఈ స్వభావం ఎక్కడినుంచి వచ్చిందో వెతికితే కవిత్వం కంటే, రైలు కంటే, ప్రకృతి కంటే బలమైన కారణం ఒకటి కనబడుతుంది. అది పరాయివాడి కొండ మీద అడుగు పెట్టే హక్కు. ఆ హక్కు వాడుకగా మొదలై, తగాదాగా ముదిరి, చివరికి చట్టంగా స్థిరపడింది. కెజిక్ పర్యాటక చరిత్ర అంటే నిజానికి ఈ హక్కు చరిత్రే.

మొదట ఆ ఊరికీ కొండకూ ఉన్న పాత సంబంధం ఏమిటో చూడాలి. కెజిక్‌కు సంత పెట్టుకునే అనుమతి 1276లో వచ్చింది. శనివారం సంత ఇప్పటికీ సాగుతోంది. జనాభా నేటికీ అయిదు వేలకు అటూ ఇటూ. ఉత్తరాన 931 మీటర్ల స్కిడా, దక్షిణాన సుమారు మూడు మైళ్ల పొడవున సరస్సు, దాని అవతల బారోడేల్ లోయ. 1560ల్లో మొదటి ఎలిజబెత్ రాణి హయాంలో జర్మనీ నుంచి గనిపనివాళ్లు వచ్చి పక్కనున్న న్యూలాండ్స్ లోయలో రాగి తవ్వారు, ఊరి పొలిమేరలో కొలుములు పెట్టారు. బారోడేల్ చివర సీత్‌వెయిట్ దగ్గర దొరికిన మేలిరకం గ్రాఫైట్ ఫిరంగి గుండ్లు పోసే అచ్చులకు పూతగా పనికొచ్చేది. దాన్ని దొంగిలించేవాళ్లను కఠినంగా శిక్షించడానికి 1752లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టమే చేసింది. కెజిక్ పెన్సిళ్లు ఆ గ్రాఫైట్ నుంచే పుట్టాయి. ఊరివాళ్లకు కొండ తవ్వుకునే చోటు, గొర్రెలు మేపుకునే చోటు. పని లేకుండా, ఊరికే, ఆనందం కోసం దాన్ని ఎక్కాలన్న ఆలోచన వాళ్లకు ఉండేది కాదు. ఆ ఆలోచన బయటినుంచి వచ్చింది. అది కూడా ఒక్కసారిగా రాలేదు.

మొదట వచ్చినవాళ్లు చూడటానికి వచ్చారు. కెజిక్ లోయ అందాన్ని వర్ణిస్తూ డాక్టర్ జాన్ బ్రౌన్ రాసిన ఉత్తరం 1767లో అచ్చయింది. కవి థామస్ గ్రే 1769 అక్టోబరులో వచ్చి, బారోడేల్ ముఖద్వారం దాకా వెళ్లి, పైనున్న బండలు మీద పడతాయేమోనన్న జంకుతో లోపలికి పోకుండా వెనుదిరిగాడు. 1778లో థామస్ వెస్ట్ రాసిన గైడు పుస్తకం ఏ దృశ్యాన్ని ఏ చోట నిలబడి చూడాలో నిర్ణయించి చెప్పింది. శిష్టులైన యాత్రికులు కొండకు వీపు పెట్టి నిలబడి, చేతిలోని చిన్న నల్లటి అద్దంలో దాని ప్రతిబింబాన్ని బొమ్మలాగా చూసుకునేవారు. ఈ చూపుల చుట్టూ వ్యాపారం అల్లుకుంది. జోసెఫ్ పాక్లింగ్టన్ అనే ధనికుడు సరస్సులోని దీవి కొని దాని మీద భవనం, ఉత్తుత్తి కోట కట్టించి, 1780ల్లో పడవ పందేలు, బూటకపు నౌకా యుద్ధాలు జరిపించాడు. ఈస్ట్ ఇండియా కంపెనీ నౌకల్లో పనిచేసి తిరిగొచ్చిన పీటర్ క్రాస్‌వెయిట్ ఊళ్లో ఒక వింతల ప్రదర్శనశాల పెట్టి, సరస్సుల పటాలు తానే గీసి అమ్మాడు. లోడోర్ జలపాతం దగ్గరి సత్రంలో ప్రతిధ్వని వినిపించడానికి ఫిరంగి పేల్చేవారు. పెద్ద ఫిరంగికి ఒక రేటు, చిన్న ఫిరంగికి ఒక రేటు. దీన్ని సౌథీ తన పుస్తకంలో ఎకసెక్కం చేశాడు. ఫ్రాన్స్‌తో 1793లో మొదలైన యుద్ధాలు యూరప్ దారులు మూసేసరికి ఇంగ్లీషు ధనికులు ఇంకా ఎక్కువగా ఇటు మళ్లారు. అయినా ఇదంతా బగ్గీల్లో వచ్చి బగ్గీల్లో పోయే కొద్దిమంది వినోదం. స్కిడా ఎక్కినా గుర్రం మీద, ముందు ఒక గైడును పెట్టుకుని ఎక్కేవాళ్లే ఎక్కువ. కవుల కాలం నాటి కెజిక్ మంచి దృశ్యం అమ్మే ఊరు. నేటి కెజిక్ దాని సహజ కొనసాగింపని అనుకోవడానికి వీల్లేదు.

దృశ్యం నుంచి నడకకు మళ్లడం సాధ్యమైంది, ఆ కొండలు అప్పటికే తెరిచి ఉండబట్టి. లోయ అడుగున ఉన్న పొలాలకు రాతిగోడలు, యజమానులు, పట్టాలు ఉండేవి. పై కొండలు చాలావరకు ఉమ్మడి మేతభూములు. చట్టం ప్రకారం వాటికి ఒక జమీందారు యజమానిగా ఉన్నా, గొర్రెలు తోలుకునే హక్కు లోయలోని రైతు కుటుంబాలది. హెర్డ్‌విక్ జాతి గొర్రెలు తల్లి మేసిన చోటే పిల్లా మేస్తూ, కంచె లేకున్నా తమ మేర దాటకుండా ఉండటానికి అలవాటుపడినవి. అందుచేత శిఖరాల మీద కంచెల అవసరం అంతగా రాలేదు. నేటికీ లేక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానంలో నాలుగో వంతుకు పైగా భూమి ఉమ్మడి భూమే. ఇంగ్లండులో ఇంత పెద్ద యెత్తున ఇంకెక్కడా లేదు. కాపరి నడిచిన బాటలోనే బాటసారి నడిచాడు, ఎవరూ అడగలేదు. కోల్‌రిడ్జ్ 1802లో స్కాఫెల్ కొండ మీదినుంచి ఒంటరిగా, దారి తెలియక, రాతి అంచుల మీద జారుతూ దిగాడు. 1818లో కీట్స్ స్కిడా ఎక్కాడు. ఈ స్వేచ్ఛకు ఆధారం ఏ కాగితం మీదా లేదు. యజమాని పట్టించుకోకపోవడమే దానికి పునాది. పట్టించుకునే రోజు వస్తే ఏమవుతుందన్న ప్రశ్న అప్పటికి ఎవరికీ తట్టలేదు.

తట్టేలా చేసింది జనం పెరగడం. 1844లో కెండల్ నుంచి విండర్‌మియర్‌కు రైలు వేయబోతున్నారని తెలిసి వర్డ్స్‌వర్త్ మార్నింగ్ పోస్ట్ పత్రికకు ఉత్తరాలు రాసి గట్టిగా ఎదిరించాడు. మిల్లు పట్టణాల కార్మికులను గుంపులుగా తెచ్చి దింపినంత మాత్రాన వాళ్లకు ప్రకృతిని ఆస్వాదించే అభిరుచి రాదని, అది క్రమంగా అలవడాల్సిందని ఆయన వాదం. అదే కవి అంతకు ముందు తన గైడు పుస్తకంలో, చూసే కన్నూ ఆనందించే మనసూ ఉన్న ప్రతివాడికీ ఈ సీమలో వాటా ఉందన్న భావాన్ని ప్రకటించాడు. ఈ రెండు మాటలూ ఒకే మనిషివి. ఆ తర్వాత నూరేళ్లు ఈ సీమ గురించి జరిగిన ప్రతి తగవులోనూ ఈ రెండు గొంతులూ వినబడతాయి: ఇది అందరిదీ అనేది ఒకటి, అందరూ వస్తే ఇది మిగలదు అనేది ఇంకొకటి. కవి వాదం నెగ్గలేదు. 1847లో రైలు వచ్చింది. కెజిక్‌కు 1864లో పట్టాలు పడి, 1865 జనవరిలో ప్రయాణికుల రైళ్లు మొదలయ్యాయి. అయితే ఈ మార్గాన్ని పర్యాటకుల కోసం వేయలేదు. తూర్పున డరమ్ బొగ్గు ప్రాంతం నుంచి కోక్‌ను పడమటి తీరంలోని ఇనుప కొలుములకు చేరవేయడం దాని అసలు పని. మనుషులు అదనపు రాబడి. ఆ అదనమే 1869 నాటికి స్టేషను పక్కనే పెద్ద హోటలు లేపింది. సెలవు దినాల్లో తక్కువ టిక్కెట్టు మీద వచ్చే జనం గుర్రం, గైడు కొనలేరు. వాళ్ల దగ్గర ఉన్నవి కాళ్లే. వాళ్లు నడిచారు.

నడిచేవాళ్లు పదుల నుంచి వందలకు పెరిగేసరికి భూస్వాములు పట్టించుకోవడం మొదలుపెట్టారు. ఊరి నెత్తి మీదే ఉన్న లాట్రిగ్ అనే చిన్న కొండ, సరస్సు పడమటి ఒడ్డున ఫా పార్క్ ఎస్టేటు మీదుగా పోయే బాట 1880ల నడుమ వివాదంలో పడ్డాయి. పిల్లమొక్కలు తొక్కేస్తున్నారని, వేట పక్షులు బెదురుతున్నాయని, ఇంటి ఏకాంతం పోతోందని దారులకు అడ్డాలు పడ్డాయి. ఊరివాళ్లు కాలిబాటల పరిరక్షణ సంఘం కట్టారు. దాని అధ్యక్షుడు క్రాస్‌వెయిట్ చర్చి గురువు హార్డ్‌విక్ రాన్స్‌లీ. కార్యదర్శి హెన్రీ జెంకిన్సన్ అంతకు ముందే ఆ ప్రాంతానికి గైడు పుస్తకాలు రాసినవాడు. ఏ బాట ఎన్నాళ్లుగా వాడుకలో ఉందో అతనికి తెలిసినంతగా తెలిసినవాళ్లు తక్కువ. 1887 అక్టోబరు 1న సుమారు 2,000 మంది ఊళ్లోంచి బయలుదేరి, అడ్డాలు తొలగించుకుంటూ లాట్రిగ్ శిఖరానికి నడిచారు. ఊరి జనాభాతో పోల్చి చూస్తే అది ఎంత పెద్ద ఊరేగింపో అర్థమవుతుంది. దెబ్బలాట లేదు, దొమ్మీ లేదు. నేరుగా కోర్టుకు పోవడానికి వీలుగా బహిరంగంగా చేసిన అతిక్రమణ అది. భూస్వామి దావా వేశాడు. 1888లో కార్లైల్ కోర్టులో విచారణ మొదలయ్యాక రాజీ కుదిరింది. ఊరివాళ్లు అడిగిన దారులన్నీ రాలేదు. శిఖరానికి పోయే దారి మాత్రం ప్రజలదిగా ఖాయమైంది.

ఈ రాజీలో భూస్వామి ఓడిపోయాడని, జనం గెలిచారని రాసేస్తే అసలు విషయం జారిపోతుంది. లాట్రిగ్ మీద చెట్లు, మేత, వేట భూస్వామివిగానే ఉండిపోయాయి. మారినది ఒక్కటే: అంతకు ముందు దయ మీద నడిచినవాడు ఇకమీద హక్కు మీద నడుస్తాడు. బయటికి ఈ తేడా కనిపించదు. అదే బాట, అదే మనిషి, అదే కొండ. ఊరి ఆర్థిక జీవితానికి మాత్రం ఇది పెద్ద మార్పు. వచ్చే వేసవికి కొండ తెరిచి ఉంటుందో ఉండదో తెలియని ఊళ్లో ఎవరూ నడిచేవాళ్ల కోసం బస కట్టరు, బూట్ల దుకాణం పెట్టరు, పటాలు అచ్చు వేయరు. దయ యజమానితో పాటు మారుతుంది, వారసుడితో పోతుంది, కొత్తగా కొన్నవాడి దగ్గర అసలు ఉండకపోవచ్చు. హక్కు నిలిచి ఉంటుంది కనుక దాని మీద పెట్టుబడి పెట్టవచ్చు. పర్యాటక చరిత్రలు హోటళ్లనూ రైళ్లనూ లెక్కపెడతాయి కానీ వాటి వెనకనున్న ఈ భరోసాను లెక్కలోకి తీసుకోవు.

లాట్రిగ్ నేర్పిన రెండో పాఠం, ఒక్కొక్క బాట కోసం ఒక్కొక్క దావా వేస్తూ పోతే జీవితాలు చాలవని. దారి కాపాడాలంటే భూమినే ప్రజల పేరిట కొనాలి. 1895లో రాన్స్‌లీ, లండను పేదల ఇళ్ల కోసం పనిచేసిన ఆక్టేవియా హిల్, ఉమ్మడి భూముల చట్టంలో దిట్ట అయిన న్యాయవాది రాబర్ట్ హంటర్ కలిసి నేషనల్ ట్రస్ట్ స్థాపించారు. లేక్ డిస్ట్రిక్ట్‌లో అది కొన్న మొదటి భూమి డెర్వెంట్‌వాటర్ ఒడ్డునున్న బ్రాండెల్‌హౌ అడవి, 108 ఎకరాలు. దానికి కావలసిన 6,500 పౌండ్లు కొన్ని నెలల్లోనే చందాలుగా పోగయ్యాయి. చందాదారుల్లో పారిశ్రామిక నగరాల నుంచి షిల్లింగుల లెక్కన పంపిన సామాన్యులూ ఉన్నారు. 1902 అక్టోబరులో ఆ ఒడ్డు అందరికీ తెరిచారు. ఇక్కడినుంచి వరస ఆగలేదు. ఆ సరస్సు చుట్టూ ఒక్కో ముక్కా ప్రజల ఆస్తి అవుతూ వచ్చింది. ఫెల్ అండ్ రాక్ క్లైంబింగ్ క్లబ్ మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన తన సభ్యుల స్మారకంగా గ్రేట్ గేబుల్, దాని చుట్టుపక్కల శిఖరాలతో కూడిన 3,000 ఎకరాలు కొని 1923లో ట్రస్ట్‌కు అప్పగించింది. చనిపోయినవాళ్ల పేరిట కొండను స్వేచ్ఛగా వదలడమే సరైన స్మారకమని ఆ కొండలెక్కే మనుషులకు తోచిందంటే, హక్కు అన్న భావం అప్పటికి ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది.

ఊళ్లో కొత్త వృత్తులు కుదురుకున్నదీ ఈ దశాబ్దాల్లోనే. 1886లో వాల్టర్ హాస్కెట్ స్మిత్ గేబుల్ వాలు మీదున్న నేప్స్ నీడిల్ అనే సూదిరాయిని ఒంటరిగా ఎక్కాడు. సరదాకు రాళ్లెక్కే క్రీడకు ఇంగ్లండులో ఆరంభంగా దాన్నే చెప్పుకుంటారు. కెజిక్‌లో ఫొటో స్టూడియో నడిపిన జార్జ్, ఆష్లీ ఏబ్రహామ్ సోదరులు బరువైన కెమెరాలు మోసుకుపోయి ఆ ఎక్కుళ్లను చిత్రించారు. 1897లో వెలువడిన ఓవెన్ గ్లిన్ జోన్స్ పుస్తకం వాళ్ల ఫొటోలతోనే ప్రచారం పొందింది. 1932 జూన్‌లో కెజిక్‌లో బసగృహం నడిపే బాబ్ గ్రాహమ్ ఊరి నడుమనున్న మూట్ హాల్ దగ్గర బయలుదేరి, 24 గంటల లోపు 42 శిఖరాలు చుట్టి, మళ్లీ అక్కడికే చేరాడు. ఆ చుట్టు ఇప్పటికీ కొండపరుగు వీరుల కొలబద్ద. అందులో ఎన్ని ఎస్టేట్లు, ఎన్ని మేతభూములు, ఎంతమంది యజమానుల హద్దులు దాటాలో ఆలోచిస్తే, అలాంటి పరుగు దారులు మూసిన దేశంలో ఊహకు కూడా అందదు. 1946 ఈస్టరు రోజుల్లో గేబుల్ మీద జరిగిన ప్రమాదం తర్వాత 1947లో ఊరివాళ్లు కొండ రక్షక దళం ఏర్పాటు చేసుకున్నారు. జీతం లేని ఆ దళం నేటికీ పనిచేస్తోంది. కొండ అందరిదీ అన్నప్పుడు దాని మీద పడిపోయినవాడి బాధ్యత కూడా ఊరే నెత్తిన వేసుకుంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం రావాలి. ఇదంతా రైలు చలవ కాదా? రైలు లేకపోతే రెండు వేల మంది నడిచేవారూ కాదు, చందాలు వచ్చేవీ కాదు కదా? రైలు జనాన్ని తెచ్చిందన్న మాటను కాదనలేం. కానీ రైలే కారణమైతే రైలు పోయినప్పుడు ఊరు కూడా వాడిపోవాలి. కాకర్‌మౌత్ వైపు పట్టాలు 1966లో, పెన్రిత్ వైపువి 1972లో మూతపడ్డాయి. కెజిక్ వాడిపోలేదు. జనం కార్లలో, బస్సుల్లో వచ్చారు. ఇంకో మాట: రైలు ఆగిన ఊళ్లు ఇంగ్లండులో వేలున్నాయి, వాటిలో ఎన్ని కొండనడకల ఊళ్లయ్యాయి? వాహనం ఏదైనా మనిషిని ఊరి వాకిలి దాకానే తెస్తుంది. అక్కడినుంచి పైకి అతన్ని పోనిచ్చేది వేరే ఏర్పాటు. మూతపడిన ఆ మార్గంలో కెజిక్ నుంచి థ్రెల్‌కెల్డ్ దాకా ఉన్న భాగాన్ని తర్వాత కాలిబాటగా, సైకిలు బాటగా మార్చారు. 2015 డిసెంబరు వరదలు దాని వంతెనల్ని కొట్టుకుపోతే, తిరిగి కట్టి 2020లో తెరిచారు. రైలును బతికించుకోలేకపోయిన సమాజం కాలిబాటను మాత్రం డబ్బు పోసి నిలబెట్టుకుంది.

కారణం హక్కేనని చెప్పడానికి పక్కనే ఒక పోలిక ఉంది. కెజిక్‌కు దక్షిణంగా కొద్ది మైళ్లలో థర్ల్‌మియర్ సరస్సు. దాని తూర్పున 950 మీటర్ల హెల్వెలిన్. అందంలో దేనికీ తీసిపోని లోయ. మాంచెస్టర్ నగరం తాగునీటి కోసం 1879లో చట్టం తెచ్చుకుని, ఆనకట్ట కట్టి, సరస్సు మట్టాన్ని 50 అడుగులు పెంచి, 1894లో 96 మైళ్ల దూరానికి నీళ్లు పారించింది. పాత ఇళ్లూ పొలాలూ మునిగాయి. నీటి శుభ్రత పేరిట ఒడ్డు చుట్టూ కంచెలు, 1908 నుంచి దట్టమైన సూదాకు తోటలు వచ్చాయి. దశాబ్దాల పాటు జనం ఆ నీటి అంచుకు పోలేకపోయారు. అయితే వ్యతిరేకుల పోరు వల్ల అదే చట్టంలో, పై కొండల మీద జనానికి వాడుకలో ఉన్న ప్రవేశాన్ని అడ్డుకోరాదని ఒక నిబంధన చేరింది. అందువల్ల హెల్వెలిన్ మీదికి నడక ఆగలేదు. యజమాని ఒకటే, లోయ ఒకటే. చట్టం కాపాడిన ఎత్తుల మీద జనం, కాపాడని ఒడ్డున కంచె. థర్ల్‌మియర్ దగ్గర ముందునుంచీ పట్టణమే లేదు కాబట్టి కెజిక్‌తో పోల్చడం సరికాదని ఎవరైనా అనవచ్చు. అది కొంతవరకు ఒప్పుకోవాలి. కానీ ఇక్కడి పోలిక రెండు ఊళ్ల మధ్య కాదు. ఒకే లోయలో కొండకూ ఒడ్డుకూ మధ్య. ఆ పోలికకు పట్టణం ఉండనక్కరలేదు.

రెండో పరీక్ష 2001లో ఎదురైంది. ఆ ఫిబ్రవరిలో బ్రిటన్‌లో పశువులకు గాలికుంటు వ్యాధి సోకింది. అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతిన్న జిల్లా కెజిక్ ఉన్న కంబ్రియానే. వ్యాధి పాకకుండా కాలిబాటలన్నీ మూసేశారు, కొండలు నెలల తరబడి మూతపడ్డాయి. సరస్సు అక్కడే ఉంది, దాని అందం తగ్గలేదు, హోటళ్లు తెరిచే ఉన్నాయి, రోడ్ల మీద రాకపోకలు ఉన్నాయి, కవుల ఇళ్లు కూడా ఎక్కడికీ పోలేదు. లేనిది నడిచే అనుమతి ఒక్కటే. బసగృహాలు, దుకాణాలు ఖాళీ అయ్యాయి. దేశం మొత్తం మీద చూసినా పర్యాటక వ్యాపారాల నష్టం వ్యవసాయ నష్టాన్ని మించిపోయింది. జనం దృశ్యం కోసమే వచ్చేవాళ్లయితే కిటికీలోంచి చూసి తృప్తిపడేవారు. ఆ సీమ బతుకు దేని మీద నిలబడి ఉందో ఒక పశువ్యాధి అందరికీ చూపించింది.

మరో అభ్యంతరం మనుషుల గురించి. ఈ పోరాటం చేసినవాళ్లు చదువుకున్న పెద్దమనుషులు. రాన్స్‌లీ 1883లో హోనిస్టర్ గనుల పలకరాయిని తరలించడానికి డెర్వెంట్‌వాటర్ సరస్సు పక్కనుంచి వేయబోయిన రైలును అడ్డుకున్నవాడు. కొండల్ని కార్మికుల కంటే తమ లాంటి సుకుమార హృదయాల కోసమే దాచుకోవాలని చూశారనే విమర్శ ఉంది. అందులో నిజం లేకపోలేదు. వర్డ్స్‌వర్త్ మొదలు రచయిత జాన్ రస్కిన్ దాకా చాలామందికి గుంపులంటే జంకే. కానీ హక్కుకు ఒక గుణం ఉంది: దాన్ని సంపాదించినవాడి ఉద్దేశం ఏదైనా, ఒకసారి చట్టంలో చేరాక అది వాడుకునేవాడి కులగోత్రాలు అడగదు. 1891లో కోల్న్ పట్టణపు పాస్టరు టి. ఎ. లెనర్డ్ తన ఊరి మిల్లు పనివాళ్లు 30 మందిని ఇదే సీమలోని యాంబుల్‌సైడ్‌కు నడకల సెలవుకు తీసుకొచ్చాడు. ఆ ప్రయత్నమే కార్మికుల సహకార సెలవుల ఉద్యమమైంది. 1930ల్లో చవక యువజన వసతిగృహాలు ఆ కొండల్లో వెలిశాయి. అభిరుచి లేదని కవి అనుమానించిన మిల్లు పనివాళ్లూ ఆ బాటల మీద నడిచారు. పెద్దమనుషులు తెరిపించిన తలుపులోంచి లోపలికి వెళ్లింది పెద్దమనుషులు మాత్రమే కాదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం నేటిది. అందరికీ తెరిచిన కొండను అందరూ కలిసి అరగదీస్తున్నారు. ఇళ్లను బయటివాళ్లు సెలవు విడుదులుగా కొనేయడంతో ఊళ్లో పుట్టినవాళ్లకు అద్దె ఇల్లు దొరకడం కష్టమైంది. కవి భయపడినదే జరిగింది కదా అంటారు. ఈ రెండింటినీ విడదీసి చూడాలి. బాటలు అరగడం నిజం. నేషనల్ ట్రస్ట్, జాతీయ ఉద్యాన సంస్థ తదితరులు కలిసి హెలికాప్టర్లతో రాళ్లు దింపించి, స్వచ్ఛంద సేవకుల సాయంతో బాటలకు రాతి పరుపు వేయిస్తున్నారు. ప్రజలదైన బాటకే ఇలా చందా పుడుతుంది, సేవకుడు దొరుకుతాడు. దయ మీద తెరిచిన బాట పాడైతే యజమాని దాన్ని మూసేస్తాడు, అంతే. పైగా హక్కు అంటే ఏదైనా చేయవచ్చని కాదు. విండర్‌మియర్ సరస్సులో మోటారు పడవల వేగాన్ని 2005 నుంచి గంటకు పది మైళ్లకు కట్టడి చేశారు. నడిచేవాడి హక్కు ఇంజనుకు రాదని ఆ నిర్ణయం చెప్పింది. ఇక ఇళ్ల సమస్య కాలిబాట తెచ్చింది కాదు. కొండను ఎవరు కొన్నా దాని మీది దారిని మూయలేని ఏర్పాటు ఉంది, కొండ కనబడే ఇంటిని మాత్రం డబ్బున్నవాడు కొనుక్కోవచ్చు. కొండ విషయంలో నూరేళ్ల కింద చేసిన ఆలోచన ఇళ్ల విషయంలో చేయకపోవడమే లోపం. దాన్ని హక్కు వల్ల వచ్చిన కీడుగా లెక్కగట్టడం న్యాయం కాదు.

కెజిక్ జనం లాట్రిగ్ మీద అడిగినది దేశమంతటికీ చట్టం కావడానికి చాలా కాలం పట్టింది. కొండల ప్రవేశ బిల్లును 1884లో జేమ్స్ బ్రైస్ పార్లమెంటులో పెడితే అది వీగిపోయింది. తర్వాతి ప్రయత్నాలూ చాలావరకు అదే దారి పట్టాయి. 1949లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది, 1951లో లేక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానమైంది. 2000లో చేసిన చట్టం కొండల మీద, ఉమ్మడి భూముల మీద కాలినడకన తిరిగే హక్కును ఇంగ్లండు, వేల్స్ ప్రజలందరికీ ఇచ్చింది; 2005 నాటికి అది దేశమంతటా అమలైంది. 2017లో యునెస్కో ఆ సీమను ప్రపంచ వారసత్వ ప్రదేశాల్లో చేర్చినప్పుడు కొండనూ సరస్సునూ మాత్రమే గుర్తించలేదు. గొర్రెల కాపరుల వ్యవసాయాన్ని, కవుల ప్రేరణను, భూమిని జనం కోసం కాపాడే ఆలోచన అక్కడ పుట్టి పెరగడాన్ని కూడా గుర్తించింది. ఇప్పుడు ఎక్కడ కొండ పక్కన నీళ్లు కనబడినా రిసార్టుకు భూమి, రోడ్డుకు టెండరు, తాడుబండికి శంకుస్థాపన ముందుగా ఆలోచనకు వస్తున్నాయి. కెజిక్ చరిత్ర ఈ వరసను తిరగేయమంటుంది. కొండ మీద మేపుకునేవాడి హక్కును, నడిచేవాడి దారిని ముందు కాగితం మీద స్థిరపరచండి. హోటళ్లు వాటంతట అవే వస్తాయి. దారిని మరచి హోటలు కట్టిన చోట మాత్రం కొన్నాళ్లకు కొండ ఆ హోటలు పెరటి గోడ లోపల ఉంటుంది.